బాలవిద్వాంసుని తూచుట యెట్లు?

పసిబాలుడొకడు సభలోనికి వచ్చి, కాళ్ళు నేల కందని పీఠముపై గూర్చుండి, పెద్దలకే కష్టసాధ్యమగు సంగీతమును జంకుగొంకులు లేక వాయించినచో, వినువారి వివేకము సగ మాక్షణమందే సెలవు పుచ్చుకొనును. తక్కిన సగమును కరతాళధ్వనులు హరించును. బాలుడు వాయించినదేమి, ఎట్లు వాయించెను, అందు వాని సొంతమెంత, గురువుదెంత, తండ్రిదెంత అని యడుగువాడు సభలో సాధారణముగ నుండడు. ఉన్నను వాని నసూయాపరుడందురు. నే డీ విషయమును ప్రస్తావించుటకు కారణము కలదు. మన పట్టణములలో పిల్లలకు పియానోను, దాని చౌకరూపమగు కీబోర్డును నేర్పు బడులు వీధివీధిని వెలసినవి. ఐదారేండ్ల బిడ్డల వాద్యము అరచేతి టెలిఫోను తెరపై క్షణములో లక్షలమంది కన్నుల బడుచున్నది. అద్భుతమను మాట అంగడి సరుకైనది. ఇట్టి తరుణమున, అద్భుతమును తూచుటకు తగిన త్రాసు మనచెంత గలదా యని విచారించుట తగును.

అట్టి త్రాసు నొకదానిని తయారుచేయ యత్నించినవాడు డెయిన్స్ బారింగ్టన్ అను నాంగ్లేయుడు. ఈతడు వృత్తిచే న్యాయవాది, వేల్సు సీమయందు న్యాయాధికారి, లండను రాయల్ సొసైటీలో సభ్యుడు. సంగీతమునం దభిరుచి గలవాడేగాని వృత్తిసంగీతజ్ఞుడు కాడు. పక్షులు తమ పాటను తల్లిదండ్రులవలన నేర్చుకొనునా, లేక పుట్టుకతోనే తెచ్చుకొనునా యని పరిశోధించి 1773లో నొక వ్యాసమును ప్రకటించినవాడు. పక్షిపిల్ల విషయమున నీతడడిగిన ప్రశ్నయే మనుష్యుని పిల్ల విషయమునను అడిగెననిన తప్పు కాదు. 1765వ సంవత్సరము జూను నెలలో నీతడు లండనులో దిగియున్న యొక జర్మను కుటుంబము నింటికి పోయి, వారి చిన్న కుమారుని స్వయముగ పరీక్షించెను. ఆ పిల్లవాడు వుల్ఫ్‌గాంగ్ మొజార్టు.

బాలుడు 1756 జనవరి 27వ తేదీన సాల్జ్‌బర్గు పట్టణమున బుట్టెను. తండ్రి లియోపోల్డు అచ్చటి ప్రభువు కొలువులో వయొలిన్ విద్వాంసుడు, గ్రంథకర్త. అక్క నానెర్లు నాలుగున్నరయేండ్లు పెద్దది. 1763 జూనులో తండ్రి కుటుంబమునెల్ల వెంటబెట్టుకొని ఐరోపా రాజసభలను సందర్శింప బయలుదేరి, మూడేండ్లు గడచినపిమ్మట 1766 నవంబరులోగాని యిల్లు చేరలేదు. లండనులో వారు 1764 ఏప్రిలు మొదలు 1765 జూలై వఱకు నుండిరి. మూడవ జార్జిరాజును, రాణి షార్లట్టును పిల్లల వాద్యమును విని యాదరించిరి. 1764 జూను 5వ తేదీన జరిగిన కచేరికి టిక్కెట్టు అరగినీ, అనగా పది షిల్లింగుల ఆరు పెన్నీలు. ప్రకటనలో బాలుని యీడు ఏడేండ్లనియు, బాలికకు పదునొకండనియు వ్రాయించిరి. నిజమునకు వారి ప్రాయము లెనిమిదియు, పండ్రెండును.

ఈ యొక్క సంవత్సరపు తగ్గింపు చిన్నదిగ దోచవచ్చును. కాని బాలవిద్య యను వ్యాపారమున వయస్సే మూలధనము. పదునాలుగేండ్లవాడు చక్కగ వాయించిన నది శ్రద్ధ. ఆ వాద్యమునే యేడేండ్లవాడు వాయించిన నది అద్భుతము. రూపాయికి పదియణాల సరుకు నిచ్చు వర్తకునికిని, కుమారుని జన్మదినమును సవరించు తండ్రికిని భేదము స్వల్పము. ఈ విద్యలో లియోపోల్డు ఏకాకి కాడు. 1778 మార్చిలో కొలోను నగరమున మరియొక తండ్రి తన కుమారునికి ఆరేండ్లని ప్రకటించి కచేరి చేయించెను. వానికప్పుడు ఏడు నిండియుండెను. ఆ కుమారుడు బేథోవెను.

బారింగ్టను న్యాయాధికారి కావున మొట్టమొదట ననుమానించిన దీ వయస్సునే. బాలుని శక్తులను జూచి, వీనికి ప్రాయము మించియుండును, తండ్రి దాచుచున్నాడని శంకించెను. శంకించి యూరకొనలేదు. లండనునందలి బవేరియా రాయబారి ద్వారమున సాల్జ్‌బర్గు జన్మపట్టిక నకలును తెప్పించి చూచెను. బాలుడు 1756లోనే పుట్టినట్లు అందు స్పష్టమయ్యెను. ఈ విచారణ ముగిసిన పిదపనేగాని ఆతడు లేఖిని పట్టలేదు. పరీక్ష జరిగినది 1765లో. నివేదిక సిద్ధమైనది 1769లో. సొసైటీలో చదువబడినది 1770 ఫిబ్రవరిలో. నాలుగేండ్ల యాలస్యము! నేడు సాయంకాలము విన్న కచేరికి తెల్లవారకముందే తీర్పు చెప్పువారికి నీ సంగతి వింతగ దోచవచ్చును.

ఇక పరీక్ష యెట్లు జరిగెనో చూతము. బారింగ్టను తనవెంట నొక వ్రాతప్రతిని గొనిపోయెను. మెటస్టాసియో యను ఇటలీ నాటకకర్త పదములకు ఒక ఆంగ్లేయుడు కూర్చిన యుగళగీత మది. బాలుడు దాని నంతకుముందు చూచియుండుట యసంభవము. ఈ యెన్నికయందే పరీక్షకుని వివేకము తెల్లమగుచున్నది. ఆ గీతమున అయిదు పంక్తులు గలవు: వయొలిన్లకు రెండు, గాయకులకు రెండు, మంద్రస్థాయి కొకటి. అయిదును ఒక్కమారు కనుచు, ముఖ్యమైనవాని నేరుకొని రెండు చేతులతో వాయింపవలెను. ఇందలి కష్టమును సంగీత మెఱుగని పాఠకునికి బోధింప బారింగ్టను ఒక యుపమానము చెప్పెను. ఒక బాలునికి అయిదు పంక్తులుగల పుటనిచ్చి, ప్రధానపంక్తిని షేక్స్పియరు నటునివలె భావయుక్తముగ చదువుమని, తక్కిన పంక్తులలో పరాయి లిపులలోనున్న వ్యాఖ్యలనుగూడ నదే క్షణమున గ్రహింపుమని కోరినట్లుండునట. మన పాఠకులకు చెప్పవలెనన్న, మూలశ్లోకమును రాగయుక్తముగ చదువుచు, క్రింద కన్నడ, తమిళ, మళయాళ లిపులలోనున్న వ్యాఖ్యలనుగూడ చూపు మరల్చకయే గ్రహించినట్లనుకొనవచ్చును.

బాలుడు ప్రతిని పీఠముపై నుంచినతోడనే కాలము, భావము నెఱిగి వాయింపజొచ్చెను. పై స్వరమును తన సన్నని గొంతుతో తానే పాడెను. క్రిందిస్వరమును తండ్రి పాడెను. పాడుచు తండ్రి ఒకటిరెండుమారులు తప్పెను. అప్పుడు కుమారుడు కోపముతో వెనుదిరిగి చూచి, తప్పు ఇచ్చటనని వేలితో చూపి, తండ్రిని దిద్దెనట. ఈ యొక్క సంగతి నూరు ప్రశంసాపత్రములకన్న విలువగలది. తండ్రి నేర్పిన పాఠమునే కుమారు డొప్పగించుచున్నాడను సంశయము దీనితో వీగిపోయెను. చిలుక తన్ను పెంచినవాని తప్పు దిద్దదు గదా.

పిమ్మట బారింగ్టను మరియొక మార్గమున బోయెను. లండను నాటకశాలలో నప్పుడు ప్రసిద్ధుడైన మన్జువోలి యను గాయకుడు పాడదగిన ప్రేమగీతము నొకదాని నప్పటికప్పుడు కల్పించి వినిపింపుమని యడిగెను. బాలుడు కొంటెచూపు చూచి, అర్థములేని యక్షరములతో గీతమునకు ముందు వచ్చు సంభాషణరూపమగు పాటను కొన్ని పంక్తులు పాడి, ప్రేమ యను నర్థమిచ్చు ఒక్క ఇటాలియను పదమునే యాధారముగ గొని పూర్తిగీతమును వాయించెను. ఆపైన క్రోధగీతమును కోరగా, ద్రోహి యను పదమునెత్తికొని, నడుమకు వచ్చుసరికి ఆవేశముచే వాద్యమును పూనకమువచ్చినవానివలె బాదుచు, ఒక్కొక్కతఱి పీఠమునుండి లేచుచుండెనట.

మన యవధానసభల నెఱిగినవారి కీ పరీక్ష క్రొత్తగ దోపదు. తిరుపతి వేంకటకవుల నాటనుండియు పృచ్ఛకు డడుగుట, అవధాని యాశువుగ పూరించుట మన జిల్లాలలో సామాన్యప్రజలకును తెలిసిన విద్య. మన పృచ్ఛకుడు పదమును నిర్ణయించును, ఇచ్చట పృచ్ఛకుడు రసమును నిర్ణయించి పదమును బాలునికే విడిచెను, భేద మంతియే. ముందుగ వల్లెవేసిన పద్యములతో అవధానము నెగ్గించుకొనుట యెట్లసాధ్యమో, ముందుగ నేర్చిన పాఠములతో బారింగ్టను పరీక్షనుండి బయటపడుట యట్లే యసాధ్యము.

ఇంతచేసియు నాతని తీర్పెట్టిదో గమనింపుడు. ప్రేమగీతము మహాద్భుతమని యాతడు వ్రాయలేదు. అత్యుత్తమము కాదు గాని సామాన్యమును మించినదనియు, కల్పనాచాతుర్యము గోచరించెననియు మాత్రమే వ్రాసెను. తాను కన్నులార చూచినది వేరు, ఇతరులు తనకు చెప్పినది వేరని స్పష్టముగ విడదీసెను. యోహాన్ క్రిస్టియన్ బాఖు ఫ్యూగ్ యను కఠినరచన నొకదానిని మొదలుపెట్టి నడుమ నాపగా, బాలుడు దానిని తక్షణమే యందుకొని ప్రౌఢముగ నడిపించెనను ముచ్చటను, విద్వాంసులు తనకు చెప్పినట్లుగనే వ్రాసెనుగాని తాను విన్నట్లు వ్రాయలేదు. సాక్ష్యమునకును జనశ్రుతికిని గల భేద మెఱిగిన న్యాయాధికారి లక్షణ మిది. సంగీతవిమర్శకులలో నిది దుర్లభము.

బాలుని బాల్యమునకు సాక్ష్యము జన్మపట్టిక యొక్కటియే కాదు. అతడు వాయించుచుండగా ఒక పిల్లి గదిలోనికి వచ్చెను. వెంటనే వాద్యమును విడిచి దానివెంట బోయెను. చాలసేపటివఱకు మరల రప్పించుట సాధ్యము కాలేదు. ఒక్కొక్కప్పుడు కఱ్ఱను గుఱ్ఱముగ జేసికొని గదియంతయు పరుగులెత్తుచుండెను. మన యవధానములలో అప్రస్తుతప్రసంగమునకై యొక పండితుని ప్రత్యేకముగ నియమింతురు. అవధాని వానికి లొంగడు. ఇచ్చట పిల్లి పిలువకయే వచ్చి యా పని నిర్వహించెను, అవధాని సంపూర్ణముగ నోడిపోయెను. బారింగ్టను దీనినిగూడ నివేదికలో నెక్కించుటచేతనే యా నివేదిక నేటికిని నమ్మదగియున్నది.

ఆ వాద్య మెట్టిదను ప్రశ్న యిచ్చట వచ్చును. అది హార్ప్సికార్డు, లోపల తీగలను చిన్న ములుకులు మీటును. వ్రే లెంత బలముగ నొక్కినను నాద మించుమించుగ నొక్కటియే. నేటి పియానోలో తీగలను సుత్తులు కొట్టును. వ్రేలి బరువుననుసరించి నాదము హెచ్చును, తగ్గును. పియానో ఆనాటికి పుట్టియున్నను లండను సభలలో నింకను క్రొత్తదే. కావున బారింగ్టను పరీక్షింపని గుణమొకటి నేటి పరీక్షకునిపై బడినది. అదియే నాదగుణము. ఒకే చేతి యయిదు వ్రేళ్ళలో పైవ్రేలు రాగమును పలుకుచుండ తక్కిన నాలుగు నొదిగియుండవలెను. ఎడమచేయి కుడిచేతికి మృదంగమువలె తోడుండవలెను గాని తప్పెటవలె మీదబడరాదు. పిల్లల వాద్యమున సాధారణముగ మొదట దొరకునది వేగము. కట్టకడపట దొరకునది ఈ యొదుగు.

పియానో పిల్లలయెడ దయగల వాద్యము కాదు. వయొలిన్లలో పిల్లలకు తగిన చిన్న కొలతలు దొరకును. పిల్లవానితోపాటు వాద్యమును పెంచుచు పోవచ్చును. పియానో మెట్ల కొలత మాత్రము దాదాపు అంతటను నొక్కటే. ఎనిమిది స్వరముల దూరము సుమారు పదునాఱున్నర సెంటీమీటర్లు. ఏడేండ్ల చేతికది యందదు. అందనిచోట స్వరములను ఒక్కమారుగాక ఒకదానివెంట నొకటి జార్చి వాయింతురు, లేదా ఒకదానిని విడిచెదరు. పాదములు క్రింది మీటల కందవు గనుక, పొడిగింపు మీటలుగల పీటను కాళ్ళక్రింద నుంతురు. బారింగ్టనుగూడ నీ సంగతిని విడువలేదు. బాలుని వ్రేళ్ళు అయిదు స్వరముల దూరమునే కష్టముమీద నందుకొనుచుండెనని వ్రాసెను. చేతికి మించిన రచనను బిడ్డ నెత్తిన పెట్టి, వాడు కుంటుచు నడచిన దానిని ఘనకార్యమని చప్పట్లు చరచుట కన్న, చేతికి సరిపడు రచనను నిండుగ వాయింపజేసి వినుట న్యాయము. మొజార్టు 1788లో తన పట్టికలో ప్రారంభకుల కొఱకని వ్రాసికొన్న సి స్వరపు చిన్న సొనాటా కలదు. పియానో నేర్చువా రెల్లరు వాయింతురు. అందలి వేగభాగమును పదిమంది పిల్లలు సమానముగ వాయింపవచ్చును. నడిమి విలంబభాగమున పదుగురును పది విధములుగ బయటపడుదురు. అచ్చట వ్రేళ్ళకు పని తక్కువ, చెవికి పని ఎక్కువ. బిడ్డ తన నాదమును తాను వినుచున్నాడా, విరామములందు ఊపిరి తీయుచున్నాడా, లేక తరువాతి స్వరమునకై తొందరపడుచున్నాడా యనునది అందు దాగదు.

సామాన్యశ్రోతల నట్లుంచి, నిపుణులైనను చెవితోనే తీర్పు చెప్పుదురా? 2013లో చియా-జంగ్ సే అను పరిశోధకురాలు ప్రకటించిన ప్రయోగముల ఫలిత మిందుకు విరుద్ధముగ నున్నది. సంగీతపోటీల తుదిఘట్టమునకు చేరిన మువ్వురి ప్రదర్శనలనుండి చిన్న తునుకలు తీసి, కొందఱికి ధ్వని మాత్రము వినిపించిరి, కొందఱికి ధ్వని లేని బొమ్మను మాత్రము చూపిరి. విజేత యెవ్వరో పోల్చుమనిరి. ఊరక ఊహించినను మూడింట నొకవంతు సరిపోవును. ధ్వని విన్నవా రంతకు మించలేదు. మాటలేని బొమ్మను చూచినవారు సుమారు సగము సరిగ పోల్చిరి. వృత్తివిద్వాంసులును ఇందుకు మినహాయింపు కాలేదు. ముందుగ నడిగినప్పుడు మాత్రము పెక్కుమంది ధ్వనియే ప్రధానమని చెప్పిరి! తల యూపుట, కన్నులు మూయుట, చేతిని గాలిలోని కెత్తుట తీర్పును నడిపించుచున్నవని దీని యర్థము. పెద్దల సంగతియే యిట్లుండ, బుగ్గలు పొంగిన యారేండ్ల బిడ్డ కన్నులయెదుట కూర్చున్నపుడు చెవి యే పాటి పనిచేయును?

బ్రస్సెల్సులోని ఎలిజబెత్తు రాణి పోటీలు ప్రపంచప్రసిద్ధములు. అచ్చట తుదిఘట్టమున వాయించు వరుసను చీట్లు వేసి నిర్ణయింతురు. 2003లో ఇద్దఱు అర్థశాస్త్రజ్ఞులు ఆ పోటీల లెక్కలను పరిశీలించి, మొదటిదినమున వాయించినవారికి తక్కువ స్థానములును, తరువాత వాయించినవారికి మెఱుగైన స్థానములును వచ్చుచున్నవని చూపిరి. చీటీకి విద్వత్తుతో సంబంధము లేదు. కాని యా స్థానమే తరువాతి జీవితమున కచేరీలను, పేరును, సంపాదనను నిర్ణయించుచున్నది. పిల్లల పోటీలలో వెండిపతకమునకు కన్నీరు పెట్టుకొను బిడ్డకు తల్లిదండ్రులు ముందుగ చెప్పవలసిన దిది.

మనదేశమున సంగీత సంప్రదాయము వేరగుటచే పరీక్షయు వేరు. పియానో విద్యలో రచన యంతయు కాగితముపై నుండును. మన సంగీతమున కృతి గురుముఖమున వచ్చినను, ఆలాపనయు స్వరకల్పనయు గాయకుని బుద్ధినుండియే రావలెను. నకలు ఏది, సొంత మేది యను ప్రశ్నకు సమాధానము కచేరిలోనే కొంత దొరకును. మంగళంపల్లి బాలమురళీకృష్ణ యెనిమిదేండ్ల ప్రాయమున విజయవాడ త్యాగరాజారాధనోత్సవమున పాడినపిమ్మట, హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతులు ఆయన పేరునకు ముందు బాల శబ్దమును చేర్చిరి. ఆ శబ్దము వృద్ధాప్యమున గూడ నాయనను విడువలేదు. పాలకొల్లున 1969లో జన్మించిన మాండొలిన్ శ్రీనివాసు తొమ్మిదేండ్లవాడై గుడివాడలో కచేరి చేసెను. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు మాండొలిన్ వాయింపరు. పాడి వినిపించువారు, శిష్యుడు వాద్యమున పలికించువాడు. అనుకరించుటకు ఎదుట వ్రేళ్ళే లేవు! మెట్టుమెట్టును తానే వెదకికొనవలసివచ్చెను. బారింగ్టను బ్రతికియున్న, ఈ ఒక్క సంగతియే వానికి పరీక్షగ చాలియుండునని మన తలంపు.

బాలవిద్వాంసుని తూచువారు పొరపడినచో దాని వెల చెల్లించువాడు బాలుడే. 1887 నవంబరులో జోసెఫ్ హాఫ్మన్ అను పోలండు బాలుడు పదునొకొండేండ్ల వయస్సున న్యూయార్కు మెట్రొపాలిటను నాటకశాలలో పియానో వాయించి జనుల నుఱ్ఱూతలూగించెను. వెంటవెంట కచేరీలు, ఊరూర ప్రయాణములు. కొన్ని వారములలోనే, పిల్లలయెడ క్రూరత్వమును నివారించు సంఘమువా రడ్డుపడిరి. అప్పుడు ఆల్ఫ్రెడ్ కోర్నింగ్ క్లార్కు అను ధనికుడు ఏబదివేల డాలర్లనిచ్చి, పదునెనిమిదేండ్లు నిండువఱకు బాలుడు సభకెక్కరాదని నియమము పెట్టెను. తండ్రి యంగీకరించెను. హాఫ్మన్ బెర్లినుకు మరలి, పిదప ఆంటన్ రూబిన్‌స్టయినువద్ద విద్యను ముగించి, 1894లో మరల సభకు వచ్చి, తన తరమువారిలో నగ్రగణ్యుడయ్యెను. కచేరీలు చేయించుటకు ధనమిచ్చువారు ప్రతియూరను గలరు. చేయకుండుటకు ధనమిచ్చిన దాత యీత డొక్కడే కాబోలు.

ఎర్విన్ న్యీరెజ్‌హాజి కథ వేరు. 1903లో బుడాపెస్టున బుట్టిన యీ బాలుని మనశ్శాస్త్రజ్ఞుడు గేజా రేవేష్ యేండ్లతరబడి పరీక్షించి 1916లో నొక గ్రంథమునే ప్రకటించెను. స్వరములను విని పేర్కొనుట, రచనలను జ్ఞాపకముంచుకొనుట మున్నగు పరీక్షలెల్ల నందు గలవు. బారింగ్టనుకంటె శాస్త్రీయమనవచ్చును. కాని యా బాలుడు పెరిగి అమెరికా చేరి, కొలదికాలము వెలిగి, పిదప దశాబ్దములు లాస్ ఏంజలిసున పేదరికములో మఱుగుపడియుండెను. పదిమారులు వివాహమాడెను. 1970లలో వృద్ధుని మరల గుర్తించి రికార్డులు చేసిరి. 1987లో మరణించెను. శక్తి యెంతగలదని కొలిచినవారు గలరు గాని, ఆ శక్తిని మోయవలసిన బిడ్డ యెట్టివాడని, వాని చుట్టునున్న యిల్లెట్టిదని కొలిచినవారు తక్కువ.

మొజార్టు కుటుంబమునే మరల చూడుడు. 1764 జూనులో అరగినీ పలికిన టిక్కెట్టు 1765 జూలై నాటికి రెండు షిల్లింగుల ఆరు పెన్నీలకు, అనగా నాల్గవవంతు కన్న తక్కువకు దిగెను. రాజసభలో వాయించిన పిల్లలు కార్న్‌హిల్ వీధిలోని యొక పానశాలలో ప్రతిదినము మధ్యాహ్నము పండ్రెండు మొదలు మూడుగంటలవఱకు వచ్చినవారి యెదుట వాయింపవలసివచ్చెను. మెట్లపై రుమాలు కప్పి, అక్కాతమ్ముడు నాలుగుచేతులతో నొకే వాద్యమున వాయించుట ఆ ప్రకటనలలోని విశేషము. తెలిసినవారికిది గొప్ప కాదు. నేర్చినచేయి మెట్లను చూడదు, గుడ్డ కప్పిన నేమి, కప్పకున్న నేమి? కాని చూడవచ్చినవానికి కన్నులకు నచ్చవలెను గదా. లండను ప్రజ పిల్లలను చూచిచూచి విసిగినకొలది, తండ్రి వెలను తగ్గించుచు, వింతను పెంచుచు బోయెను. ప్రజ కొనుచున్నది సంగీతము కాదు, వయస్సు. ఆ సరుకు దినదినము తఱుగుచునే యుండును.

బాలికల విషయమున నా తఱుగుదల మఱింత శీఘ్రము. నానెర్లును పండ్రెండవయేట తమ్మునితో సమానముగ వాయించుచు, ప్రకటనలలో పేరు ముందుండినది. ఈడు వచ్చినపిమ్మట తండ్రి తమ్ముని వెంటబెట్టుకొని ఇటలీకి పోయెను. ఆమె యింటనే యుండెను. 1770లో ఆమె యొక గీతమును కూర్చి పంపగా, ఆమెకింత చక్కగ రచించు శక్తి గలదా యని యాశ్చర్యపడుచు తమ్ముడు రోమునుండి జాబు వ్రాసెను. ఆమెను పరీక్షింప వ్రాతప్రతి చేతబట్టి యే బారింగ్టనును రాలేదు. ఆమె 1829వఱకు జీవించెను. ఆ గీతము గాని, ఆమె రచించిన మఱియొకటి గాని నేటికి దక్కలేదు.